జనం ఎందుకు నవ్వారు

సోమవారం పొద్దున పదింటికి మరదలి దగ్గర్నుంచి వచ్చిన మెసేజి చదివేసరికి సైగలక్కకి ఒళ్లు చల్లబడిపోయింది. "కుడి చెయ్యి కట్టుకున్నాడు. మాట్లాడడు. తొందరగా వెళ్లాడు." అంతే ఉంది అందులో. మరదలికి వినపడదు, తమ్ముడికీ వినపడదు. రాత అంటే వాళ్లకి పరాయి వ్యవహారం, ఒక్కో మాటా ఏరి ఏరి పెడతారు. అయినా ఈ మూడు ముక్కలకీ అర్థం చెప్పడానికి పండితులెవరూ అక్కర్లేదు. తమ్ముడు ఆ చెయ్యి ఎందుకు కట్టుకున్నాడో, తొందరగా ఎక్కడికి వెళ్లాడో, అక్కడ ఏముందో సైగలక్కకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అక్కడున్నది కాగితాలు కోసే మిషను. ప్రెస్సులో తమ్ముడు పదకొండేళ్లుగా దాని మీదే పనిచేస్తున్నాడు. జానెడు మందం కాగితాల కట్టని ఒక్క వేటుతో రెండు చేసే కత్తి దానిది.

సైగలక్క కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేస్తుంది. మెసేజి వచ్చేసరికి చేతిలో ఎవరిదో సగం అరిగిన అద్దం ఉంది. దాన్ని అలాగే ట్రేలో పడేసి, మిషను ఆపేసి, సంచీ భుజాన వేసుకుంది. దుకాణదారు ముందుగదిలోంచి తొంగిచూసి, పన్నెండింటికి ఇవ్వాల్సిన జోడు సంగతేంటని అడిగాడు. మా తమ్ముడికి బాగాలేదండీ అంది. ఆయన అంతటితో వదిలే మనిషి కాడు, జ్వరమా, కడుపునొప్పా, ఎప్పట్నుంచీ అంటూ మొదలుపెట్టాడు. ఏం చెప్తుంది? మావాడు బైబిల్లో మాట పట్టుకుని చెయ్యి నరుక్కునేలా ఉన్నాడండీ అంటుందా? అంటే, ఆ మాట వాడికి అలా అందించిన మహాతల్లిని నేనేనండీ అని కూడా చెప్పుకోవాలి కదా. నోరు విప్పకుండా, కట్టుకున్న ఏప్రన్ కూడా విప్పకుండా రోడ్డున పడింది.

బస్సు రాలేదు. అవసరమైనప్పుడు వస్తే అది బస్సెందుకవుతుంది. స్టాపులో కాలుగాలిన పిల్లిలా ఆ చివరికీ ఈ చివరికీ తిరిగింది. పాస్టరుగారికి ఫోన్ చేసింది, ఎత్తలేదు. ప్రెస్సుకి చేసింది, ఆ మిషన్ల రొదలో ఎవరికి వినపడుతుంది? తమ్ముడికి వీడియో కాల్ చేసింది. తెర మీద తన మొహమే తనకి కనపడుతూ ఉండిపోయింది. చెమటలు కారుతున్న ఆ మొహాన్ని చూడలేక ఫోన్ సంచీలో పడేసి, అరనిమిషం ఆగి మళ్లీ తీసింది.

ఇంతకీ ఈమె చేసిన నిర్వాకమేమిటో చెప్పాలి. సైగలక్క అసలు పేరు సంఘంలో సగంమందికి తెలియదు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారి ఎడమపక్కన నిలబడి, ముందు వరసలో కూర్చునే అయిదుగురు వినపడని వాళ్లకి ప్రసంగమంతా చేతులతో చెప్తుంది కాబట్టి ఆ పేరు పడిపోయింది. పదహారేళ్లుగా అదే సేవ. జీతం లేదు, బత్తెం లేదు, గొప్ప మాత్రం దండిగా ఉంది. ఎవరైనా మెచ్చుకోవడం ఆలస్యం, "నాదేముందండీ, నేను కళ్లజోడులో అద్దాన్ని. అవతలున్నది ఇవతలికి కనపడాలి, నేను మధ్యలో ఉన్నట్టే తెలియకూడదు" అని ఏకరువు పెట్టేది. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు, అదీ ఆమె నియమం. మొన్న గురువారం దాకా ఆ గొప్పకి తగ్గట్టే ఉంది కూడా.

గురువారానికి ముందురోజు తమ్ముడు కూతురి మీద చెయ్యి చేసుకున్నాడు. పాపకి ఎనిమిదేళ్లు. ఆ ఇంట్లో వినపడేది దానికొక్కదానికే. మామూలు పిల్లలు తిట్లు వినబుద్ధి కాకపోతే చెవులు మూసుకుంటారు, ఇది కళ్లు మూసుకుంటుంది. అమ్మానాన్నల మాటలు వచ్చేది చేతుల్లోంచి కదా, రెప్పలు వాలిస్తే చాలు, ఎవరు ఎంత అరిచినా దానికి చేరదు. మహా టక్కరిది. ఆ బుధవారం సాయంత్రం లారీలు తిరిగే రోడ్డు ఒక్కతే దాటి వచ్చిందని తమ్ముడు కేకలేస్తుంటే, వాళ్ల కేకలూ చేతులతోనే అనుకోండి, పాప ఠక్కున కళ్లు మూసేసుకుంది. గడ్డం పట్టుకుని ఊపాడు, తెరవలేదు. ఇంకా గట్టిగా మూసుకుని నాలుక బయటపెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కి ఒక్కటి పీకాడు. చెంప మీద కొట్టాననుకున్నాడు, తగిలింది చెవి మీద. ఆ దెబ్బ ఎంత గట్టిగా మోగిందో వాడికి తెలిసే దారే లేదు. పిల్ల చెవి పట్టుకుని కింద కూలబడితే అప్పుడు తెలిసింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి మాట సాయానికి సైగలక్కే వెళ్లింది. కర్ణభేరికి చిల్లు పడిందన్నాడు డాక్టరు. వినపడకపోవడం ఎంత నరకమో అణువణువునా తెలిసినవాడు, సొంత కూతురి చెవి మీద కొడతాడా? తనకి ఆరేళ్ల వయసు నుంచీ వాడికి చెవులై తిరిగింది. బళ్లో టీచర్లతో పోట్లాడింది, పనిచ్చే వాళ్లని బతిమాలింది, వాడి పెళ్లి మాటలు కూడా తన చేతులతోనే నడిపింది. అలాంటి తమ్ముణ్ని చూస్తే ఆ రోజు అసహ్యం పుట్టింది. పుట్టినందుకు ఏడుపొచ్చింది, ఏడుపొచ్చినందుకు కోపం రెట్టింపైంది.

ఆదివారానికి కూడా అది చల్లారలేదు. పాస్టరుగారు ఆ వేళ తీసుకున్న వాక్యం, కుడిచెయ్యి నిన్ను పాపంలో పడేస్తుంటే దాన్ని నరికి పారెయ్యమనేది. ఆయన కావాలని తీసుకోలేదు, పాపం, ఆయనకి ఆ ఇంటి గొడవ తెలియదు. చదివాడు. సైగలక్క చేతులతో చెప్పింది. నోటితో అయితే నరకడమనేది ఒక మాట, చెవిలో పడి పోతుంది. చేతులతో అలా కుదరదు. కుడిచెయ్యి ముందుకు చాపి, ఎడమ అరచేతి అంచుతో మణికట్టు మీద వేటు వేసి చూపించాలి. వేసింది. తమ్ముడి కళ్లల్లోకి సూటిగా చూస్తూ మరీ వేసింది. బాగా తగలనీ అనుకుంది.

తరవాత పాస్టరుగారు పుస్తకం మూసి అయిదు నిమిషాలు వివరం చెప్పాడు. ఇది ఉన్నదున్నట్టు చెయ్యమని చెప్పిన మాట కాదు, పోలిక అన్నాడు. ఇంకా చాలా అన్నాడు, మధ్యలో హాస్యం కూడా ఆడాడు, హాలంతా నవ్వింది. సైగలక్క చేతులు మాత్రం కిందికి దించేసింది. ఏమంటున్నాడని ముందువరస అయిదుగురూ గడ్డాలెగరేసి అడిగితే, "చెప్పిందే మళ్లీ చెప్తున్నాడు" అని తేల్చేసింది. అదీ ఆమె చేసిన ఘనకార్యం.

బస్సెక్కాక పాస్టరుగారే తిరిగి ఫోన్ చేశాడు. ఆమె సంగతంతా చెప్పింది. గొంతు తగ్గించి చెప్దామనుకుంది గానీ సగం బస్సు అటే చూస్తోంది. పాస్టరుగారు మంచివాడు, కానీ మంచివాళ్లకి కొన్ని సంగతులు ఆలస్యంగా తలకెక్కుతాయి. కంగారుపడకు తల్లీ అన్నాడు. బుద్ధున్నవాడెవడైనా చెయ్యి నరుక్కుంటాడా, అది అలంకారమని పసిపిల్లలకి కూడా తెలుసు కదా అన్నాడు.

"ఎలా తెలుస్తుందండీ? రెండు నెలల క్రితం నీళ్ల మీద నడిచిన సంగతి చెప్పినప్పుడు, రాసింది రాసినట్టే నమ్మాలి, పోలికలూ గీలికలూ అని పలచన చెయ్యొద్దు అన్నారు మీరు. ఆ రోజు నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను వాడికి."

"అన్నాను" అన్నాడు. "అది జరిగిన సంగతి, ఇది బోధ. రెండూ వేరు తల్లీ."

"ఏది వేరో మీరు చెప్తారు. మీరు చెప్పింది వాళ్లకి నేను చెప్పాలి. నేను చెప్పలేదు. వాడికి అందింది కత్తి వేటొక్కటే."

ఆ మాటతో పాస్టరుగారికి బాగానే తలకెక్కింది. తను స్కూటర్ మీద బయల్దేరతానన్నాడు, కానీ ఊరి ఆ చివర ఉన్నాడు, గంట పడుతుంది. ప్రెస్సులోకి వెళ్లగానే ఫోన్ చెయ్యమన్నాడు. ఆమె సరేనని పెట్టేసి కిటికీ పక్కన కూర్చుంది, కూర్చోలేక లేచి తలుపు దగ్గర నిలబడింది. స్టాపు స్టాపుకీ ఎవరో ఒకరు తీరిగ్గా దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఒకావిడ చిల్లర కోసం సంచీ అంతా వెతికింది. సైగలక్కకి ఆవిణ్ని పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది.

ఇంకో సంగతి కూడా ఉంది. దాన్ని ఇంతవరకూ తనలో తాను కూడా సరిగ్గా తలుచుకోలేదు సైగలక్క. బస్సు తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని వేలాడుతుంటే, ఇంక తప్పించుకోవడానికి చోటు లేక అది ఎదురొచ్చింది. డాక్టరు చెప్పింది చిల్లు పడిందన్న మాటొక్కటే కాదు. పిల్లల్లో ఇలాంటివి చాలావరకు ఆరువారాల్లో వాటంతటవే పూడిపోతాయి, చెవిలో నీళ్లు పోనివ్వకండి, కొద్దిగా వినికిడి తగ్గినా తగ్గొచ్చు, ఆరువారాల తరవాత పరీక్ష చేసి చూద్దాం, అంతగా భయపడకండి అన్నాడు. తమ్ముడూ మరదలూ ఆమె చేతులకేసే రెప్పవేయకుండా చూస్తున్నారు. ఆమె చిల్లు సంగతి చెప్పింది, నీళ్ల సంగతి చెప్పింది, ఆరువారాల తరవాత మళ్లీ రమ్మన్నాడని చెప్పింది. పూడిపోతుందన్న మాట మింగేసింది. పాప చెవి పోయినట్టేనా అని తమ్ముడు అడిగితే, ఏమో, చూడాలి అని భుజాలెగరేసింది. నాలుగు రోజులు కుమిలి చావనీ, తరవాత చెప్తాలే అనుకుంది. ఇవాళ్టికి సరిగ్గా నాలుగో రోజు.

అంటే ఆదివారం ఆ వాక్యాన్ని వాడు, కూతుర్ని తన చేతులారా చెవిటిదాన్ని చేశానని నమ్మిన మనిషిగా అందుకున్నాడు. ఇది ఇప్పుడు అర్థమైంది సైగలక్కకి. ప్రెస్సు ఇంకా రెండు స్టాపులు ఉందనగానే బస్సు దిగేసి పరిగెత్తింది. ముప్పైఎనిమిదేళ్ల మనిషి, ఏప్రన్ ఎగురుతుండగా, నడిరోడ్డు మీద అలా పరిగెడుతుంటే జనం దారి ఇచ్చి నిలబడిపోయారు.

ప్రెస్సు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి ధడ్ మని కత్తి దిగిన చప్పుడు వినపడింది. ఆమె అక్కడే ఆగిపోయింది. మళ్లీ ధడ్. మళ్లీ ధడ్. చెయ్యి తెగినవాడు మూడోసారి కొయ్యడు కదా అని బుర్రకి తట్టాక గానీ ఊపిరి ఆడలేదు. లోపలికి వెళితే మిషను మీద ఇంకెవరో ఉన్నారు. ఫోర్‌మన్ ఎదురొచ్చాడు.

మీవాడికేమైందమ్మా అన్నాడాయన. అందరికంటే ముందు వచ్చాడట, తాళం తీసిన మనిషి టీ తాగి వచ్చేసరికి మిషను ముందు నిలబడి ఉన్నాడట. తరవాత పని చెయ్యనని తల అడ్డంగా ఊపి, గోడవార కాగితం బేళ్ల మీద కూర్చున్నాడట, అప్పట్నుంచీ అక్కడే ఉన్నాడు. అంతవరకూ చెప్పి, ఫోర్‌మన్ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క తీసి చూపించాడు. ఆ మిషను కత్తి దిగాలంటే రెండు చేతులతో రెండు మీటలు ఒకేసారి నొక్కాలి. చేతులు కత్తి కింద ఉండకుండా ఆ ఏర్పాటు. కుడివైపు మీట సందులో ఈ అట్ట కుక్కి ఉందట, ఒక్క ఎడమచేత్తో నొక్కినా కత్తి దిగేలాగ. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఇలాంటి తొండిపని చెయ్యలేదు మీవాడు, ఎవరైనా చేస్తే ఒంటికాలి మీద లేచేవాడు అన్నాడు ఫోర్‌మన్. సైగలక్క ఆ అట్టకేసి చూసింది.

తమ్ముడు బేళ్ల మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మరదలి పాత ఓణీ గుడ్డతో ఛాతీకి కట్టేసి ఉంది. అయిదువేళ్లూ ఉన్నాయి. ఆమె వేళ్లు లెక్కపెట్టింది, నిజంగానే లెక్కపెట్టింది. వాడు తలెత్తి అక్కని చూసి మొహం తిప్పుకోలేదు. ఆమె వాడి ఎదురుగా నేల మీద కూలబడి, ఆయాసపడుతూనే చేతులెత్తింది. నేనొక తప్పు చేశాను అని మొదలుపెట్టింది.

వాడు ఎడమచెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఒంటిచేత్తో మాట్లాడుతుంటే నత్తి ఉన్నవాడు మాట్లాడినట్టుంది, ఆమె ప్రతి ముక్కా రెండేసిసార్లు అడగాల్సి వచ్చింది.

"జనం ఎందుకు నవ్వారు?" అని అడిగాడు.

ఆమెకి అర్థం కాలేదు.

"నిన్న. పాస్టరు ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. రెండోసారీ అదే మాట చెప్తున్నాడన్నావు. అదే మాటయితే జనం ఎందుకు నవ్వారు?"

సైగలక్కకి తల కొట్టేసినట్టయింది. పదహారేళ్లుగా వాళ్లకి తన చేతులే లోకం అనుకుంది. వాళ్లకి కళ్లున్నాయనీ, ఆ కళ్లు పాస్టరు మొహాన్నీ, వెనక్కి తిరిగి జనం పళ్లనీ, కిందికి దించేసిన తన చేతుల్నీ అన్నిటినీ చూస్తాయనీ ఆ క్షణందాకా తట్టనే లేదు.

వాడు చెప్పుకుపోయాడు. ఇవాళ పొద్దున ఎవరూ లేనప్పుడు మిషను దగ్గరికి వెళ్లాడు. అట్ట కుక్కాడు. కట్టు విప్పి, చెయ్యి కత్తి కింద పెట్టాడు కూడా. పాప చెవి పోయింది కదా, ఈ చెయ్యి ఉండి ఎవరికి లాభం అనుకున్నాడు. ఎడమచేత్తో మీట నొక్కబోతుండగా ఆ నవ్వులు గుర్తొచ్చాయి. చేతులు నరుక్కోమన్న మాటకి అంతమంది నవ్వరు. ఇందులో ఇంకేదో ఉంది, అది అక్క నాకు ఇవ్వలేదు అనుకున్నాడు. "సగం ఉత్తరం పట్టుకుని ఎలా చేస్తాను? మిగతాది ఏంటో తెలిశాక చూద్దామనుకున్నా. చెయ్యి మళ్లీ కట్టేసుకుని కూర్చున్నా. నువ్వొస్తావని తెలుసు."

ఆమె ఏడ్చింది. సిగ్గుతో ఏడ్చింది, బతికి ఉన్నాడన్న సంతోషంతోనూ ఏడ్చింది. ఫోర్‌మన్ మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, మిగతాది చెప్దామని చేతులెత్తింది. తీరా చూస్తే ఆమెకి ఆ మిగతాది సరిగ్గా గుర్తులేదు. ఆ అయిదు నిమిషాలూ తన కోపాన్ని తానే వింటూ నిలబడింది గానీ పాస్టరుగారి మాట ఎక్కడ విన్నది? పోలిక అన్నాడని తెలుసు, ఇంకేవో అన్నాడనీ తెలుసు. సొంతంగా ఏదో ఒకటి కల్పించి చెప్పడం ఎంతసేపు? ఆ పని చెయ్యడానికి ఇప్పుడు చేతులు రాలేదు. ఫోన్ తీసి పాస్టరుగారికి కలిపి, స్పీకర్ పెట్టి, బేలు మీద నిలబెట్టింది.

ఆయన ఎక్కడో దారిలో స్కూటర్ ఆపి, లారీల మోత మధ్య నిన్నటి మాటలు మళ్లీ చెప్పాడు. ఆమె ఒక్కొక్కటీ అందించింది. దేవుడు మనిషి ఒంట్లో భాగాలు కోసివ్వమని అడగడు అన్నాడు. ఆ చెప్పిన తీరు, విన్నవాళ్లు ఉలిక్కిపడాలని చెప్పిన తీరు అన్నాడు. అలా నరుక్కుంటూ పోతే మన సంఘంలో చప్పట్లు కొట్టడానికి రెండు చేతులున్నవాడు ఒక్కడు మిగలడు, నాతో సహా అన్నాడు. ఆమె ఆ హాస్యం కూడా చెప్పింది. అటు తిరిగి నిలబడ్డ ఫోర్‌మన్ భుజాలు కదిలాయి. తమ్ముడు నవ్వలేదు, కానీ ఓహో ఇందుకా అన్నట్టు తలాడించాడు. మరి ఆ వాక్యంలో చెయ్యి అంటే ఏంటని అడిగాడు.

"చేతిని ఆడించేది లోపలుంది బాబూ. నీ కోపం. అది ఎంత నీదనిపించినా, ఎంత అలవాటైనా, దాన్ని తీసెయ్యమని. నాకైనా అదే మాట. నేను కూడా మా ఆవిడ మీద గిన్నె విసిరినవాణ్నే" అన్నాడు పాస్టరుగారు. చివరి ముక్క నిన్నటి ప్రసంగంలో లేదు. సైగలక్కకి తెలుసు లేదని. అయినా అందించింది.

తమ్ముడు మెడ దగ్గర ముడి విప్పుకున్నాడు. కట్టు ఊడి చెయ్యి ఒళ్లో పడింది. తిమ్మిరెక్కిన వేళ్లని ఒక్కొక్కటీ ముడిచి, తెరిచి, రెండు చేతులతో మాట్లాడాడు.

"పోలిక అంటే తేలిక అనుకుంటారు అందరూ. చెయ్యి అయితే ఒక్క వేటు, అయిపోయేది. చెయ్యి ఉంచుకుని కోపం తీసెయ్యమంటున్నాడు. అది రోజూ కొయ్యాలి."

ఆమె ఆ మాట పాస్టరుగారికి నోటితో చెప్పింది. ఆయన వస్తున్నానని చెప్పి పెట్టేశాడు.

తమ్ముడు అక్కకేసి చూస్తున్నాడు. వాడి చూపు మారింది. "ఇంకేం వదిలేశావు?" అన్నాడు.

లేదు అందామని ఆమె చెయ్యి సగం లేచింది. ఎంత తేలికో ఆ మాట. ఇప్పుడే కదా గండం గడిచింది, మిగతాది ఇంటికెళ్లాక, మరదలి ముందు, నిమ్మళంగా చెప్పొచ్చు. వాడి ఎదుట మనిషిగా మిగలాలంటే ఇప్పుడు నోరుమూసుకోవడమే మంచిదని బుర్ర చెప్తోంది. ఒకవేళ చెప్తే, వీడు జన్మలో మళ్లీ తన చేతుల్ని నమ్మడు. ఆదివారం ఆ వరసలో కూర్చోడు. వీడే కాదు, ఆ అయిదుగురిలో ఎవరూ కూర్చోరు. ముప్పైరెండేళ్లుగా వాడికి చెవులై బతికిన బతుకు ఇక్కడ, ఈ కాగితం బేళ్ల మధ్య అయిపోతుంది.

"డాక్టరు ఇంకో మాట అన్నాడు" అంది. "పాప చెవి పోలేదు. ఆరువారాల్లో దానంతటదే పూడిపోతుందన్నాడు. నేను నీకు చెప్పలేదు. కావాలనే చెప్పలేదు. నువ్వు ఏడవాలని."

తమ్ముడికి మొదట అది ఎక్కలేదు. తరవాత ఎక్కింది. మొహంలోకి రక్తం జివ్వున పాకింది. లేచి నిలబడ్డాడు. నాలుగు రోజులు, పాప మొహం చూడలేక గోడకి తిరిగి పడుకున్న నాలుగు రోజులు, కత్తి కింద పెట్టిన చెయ్యి, అన్నీ ఆ మొహంలో కనపడ్డాయి. గొంతులోంచి, తనకే వినపడని అరుపొకటి వచ్చింది. మిషను మీదున్నవాడు పని ఆపి చూశాడు. కుడిచెయ్యి పైకి లేచింది, భుజం దాటి, విసురుగా. సైగలక్క కళ్లు మూసుకోలేదు. కొడితే కొట్టనీ, నాకు తగిందే అనుకుంది. ఫోర్‌మన్ ఒక అడుగు ముందుకేశాడు.

చెయ్యి గాలిలో ఆగింది. అలా ఎంతసేపు ఆగిందో ఆమెకి తెలియదు. మణికట్టు దగ్గర నరాలు ఉబ్బి, చెయ్యంతా వణుకుతోంది. దాన్ని ఆపుతున్నది వాడే, కొట్టబోతున్నదీ వాడే, ఆ రెండింటి మధ్యా వాడి ఒళ్లంతా చెమటలు కక్కుతోంది. తరవాత వేళ్లు ఒక్కొక్కటీ సడలాయి. చెయ్యి కిందికి దిగి, ఆమె మొహానికి జానెడు దూరంలో తిరిగి, మాటయింది.

"మళ్లీ చెప్పు."

ఆమె చెప్పింది. వాడు తలూపలేదు. మళ్లీ చెప్పు అన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది, వాడు పెదవులు కొరుక్కుంటూ చూశాడు, మూడోసారి అడిగాడు. మూడోసారి ఆమె డాక్టరు గది తలుపు తీసుకుని లోపలికి వెళ్లిన దగ్గర్నుంచీ మొదలుపెట్టి, ఆయన అన్నది అన్న వరసలో చెప్పుకొచ్చింది. కొద్దిగా వినికిడి తగ్గినా తగ్గొచ్చన్న ముక్క దగ్గర ఆమె చేతులు ఒక్క క్షణం తడబడ్డాయి. వాడు అది చూశాడు. ఆమె దాన్ని కూడా చెప్పింది.